చెన్నకేశవులు గొర్రెలు మేసిన చివరి చేను

మా ఊళ్లో గొర్రెలు కాసినవాళ్లలో చెన్నకేశవులు ఆఖరివాడు. ఆఖరివాడు అంటే వినడానికి గొప్పగానే ఉంటుంది. నిజానికి మిగతావాళ్లకు బుద్ధి ముందొచ్చింది, ఇతనికి రాలేదు, అంతే. ఒకడు మాచర్ల పోయి నాపరాళ్ల మిల్లులో చేరాడు. ఒకడు ఆటో కొన్నాడు. ఇంకొకడు నరసరావుపేటలో ఏదో ఆసుపత్రి గేటు దగ్గర నీలం చొక్కా తొడుక్కుని కూర్చుని, వచ్చే పోయేవాళ్లను కసురుకుంటున్నాడు. చెన్నకేశవులు మాత్రం భుజాన గొంగళి, చేతిలో కర్ర, ముందు గొర్రెలు. పొద్దున్నే ఆ మంద మా వీధిన పోతుంటే నేను చల్లిన కల్లాపి, వేసిన ముగ్గు, అన్నీ గిట్టల కింద పోయేవి. నేను తిట్టేదాన్ని. అతను నవ్వేవాడు.

“తిట్టు పెద్దమ్మా, తిట్టు. నువ్వు తిట్టకపోతే ఇయ్యి కదలవు.”

“గొర్రెల్ని కాదురా, నిన్ను తిడుతున్నా.”

“ఎవరిని తిట్టినా కదిలేది అయ్యేగా.”

ఆ మనిషికి ఒక పాడు అలవాటు ఉండేది. గొర్రెలకు ఊళ్లోవాళ్ల పేర్లు పెట్టేవాడు. ఎప్పుడూ దగ్గే దానికి ఒక పేరు, పక్క గొర్రె మేత లాక్కునే దానికి ఒక పేరు. ఎవరి మాటా వినకుండా మందలో నుంచి పక్కకు తప్పుకుని తన దారిన తను పోయే గొర్రె ఒకటి ఉంది. దానికి నాగరత్నం అని నా పేరు పెట్టాడని పిల్లకాయలు చెబితే తెలిసింది. ఊరుకుంటానా? నేరుగా అతని దొడ్డి దగ్గరికే పోయాను.

“ఏందిరా, గొర్రెకు నా పేరు పెట్టావంట?”

“నీ పేరా! అబ్బే. మా మేనత్త పేరు పెద్దమ్మా.”

“మీ మేనత్త పేరు పోలేరమ్మ కదరా.”

“ఇంకో మేనత్త.”

లోపల అతని పెళ్లాం అనసూయ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుతోంది. ఆ గొర్రె వైపు చూశాను. అది నా వైపు చూసి, మొహం తిప్పుకుని, తన దారిన తను పోయింది.

ఆ మంద చెన్నకేశవులు కొన్నది కాదు. వాళ్ల నాయనమ్మకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన గొర్రెల సంతానం అది. ఏ పిల్ల ఏ గొర్రెదో, దాని తల్లి ఏ కరువులో చచ్చిందో, ఏ వాగు వరదలో కొట్టుకుపోయిందో అంతా అతని నోటి మీదే ఉండేది. వాళ్లకు పిల్లలు లేరు. ఆ మాట నేను జాలి కోసం రాయడం లేదు. వాళ్లిద్దరికీ జాలిపడేవాళ్లంటే ఒళ్లు మంట.

మాది గురజాల వైపు. నేను కాపరానికొచ్చిన కొత్తలో ఊరికి పడమర గుట్ట, గుట్ట కింద బీడు, బీడు దాటితే వాగు. గొర్రెలకు ఏడాది పొడుగునా అక్కడే గడిచిపోయేది. సున్నపురాయి ఉందని గుట్టకు కంచె వేశారు. ఇప్పుడది గుట్ట కాదు, గుంట. బీడును నాలుగు వైపులనుంచీ దున్నుకుంటూ వచ్చి మా ఊరివాళ్లే కలుపుకున్నారు. దున్నినవాళ్లలో పేదవాళ్లూ ఉన్నారు, తిన్నది అరగని వాళ్లూ ఉన్నారు. వాగులో ఇసుక పోయింది, ఇసుకతో నీళ్లూ పోయాయి. ఇక మిగిలింది పొలం గట్లు. గట్టు మీద గడ్డి కోయడానికి మనుషులు దొరకరు, గడ్డిమందు మాత్రం ప్రతి కొట్లోనూ దొరుకుతుంది. దాంతో గట్లూ పోయాయి. గట్టు పచ్చగా కనిపిస్తే ఆ రైతు సోమరివాడని చెప్పుకునే ఊరు మాది. మూడేళ్ల కిందట ఎవరో ఆఫీసర్లు వచ్చి, బడి ముందు మొక్క నాటి, ఫొటో దిగి, పచ్చదనం గురించి మైకులో చెప్పి పోయారు. ఆ మొక్కను మరునాడు ఏ గొర్రో తిన్నదని చెన్నకేశవులు మీద కేసు పెడతామన్నారు కూడా. ఊరంతటికీ అదొక్కటే పచ్చగా ఉంటే గొర్రె మాత్రం ఏం చేస్తుంది?

గొర్రెలకు మిగిలినదల్లా పత్తి చేలు. ఆఖరి తీత అయిపోయాక చేలో ఆకూ, విచ్చుకోని కాయలూ మిగులుతాయి. వాటికోసం మంద దిగుతుంది. రైతుకు పెంటికలు దక్కుతాయి, గొర్రెకు మేత దక్కుతుంది. ఎప్పటినుంచో ఉన్న ఏర్పాటే అది. దానికో పద్ధతి ఉంది. చేను గలవాడు స్వయంగా గట్టు మీదికి రావాలి. ముందు పొట్టేలును కొమ్ము పట్టుకుని తన చేత్తో చేలోకి దించాలి. దించి, “మేపుకో” అనాలి. జీతగాణ్ణి పంపితే కుదరదు. ఫోన్లో చెబితే కుదరదు. చేను గలవాడు రాకపోతే చెన్నకేశవులు గట్టు మీదే కూర్చునేవాడు గానీ లోపలికి అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. ఆ చేలో ఏమున్నదో ఆ చేను గలవాడికే తెలుస్తుందని అందులో అర్థం. పురుగుమందులు వచ్చాక చెన్నకేశవులు నాయన దానికి ఒక ప్రశ్న కలిపాడు. మందు ఎప్పుడు కొట్టావు? రైతు చెబుతాడు. ఆ మాట మీద మంద దిగుతుంది. కాగితం లేదు, సాక్షి లేడు. ఆ మాట ఎన్నడూ తప్పలేదు.

పోయిన ఏడాది వానలు ముందు మొహం చాటేసి, ఆనక పంట చేతికొచ్చే వేళకు దంచికొట్టాయి. గడ్డి మొలవాల్సినప్పుడు మొలవలేదు. సంక్రాంతి వెళ్లాక చెన్నకేశవులు మందను తోలుకుని ఎడ్లపాడు వైపు పోయాడు, ఏటా పోయే దారే. వారం తిరక్కుండానే వెనక్కు వచ్చాడు. గొర్రెల డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి.

“ఏందిరా, అప్పుడే వచ్చావు?”

“అక్కడేముంది పెద్దమ్మా. ప్లాట్లేసి హద్దురాళ్లు పాతారు. రాళ్లు మేస్తయ్యా ఇయ్యి?”

మందలో సగానికి పైగా చూడి గొర్రెలు. ఆ నెల కడుపునిండా మేత పడితే నిలుస్తాయి, ఈనుతాయి, పాలుంటాయి. పడకపోతే పిల్లలూ దక్కవు, తల్లులూ దక్కవు. ఇక మంద లేనట్టే. ఆ సంగతి అతనికి తెలుసు, అనసూయకూ తెలుసు. పేటనుంచి మాంసం వ్యాపారి రోజూ ఫోన్ చేస్తున్నాడు.

“ఇచ్చేయరాదా,” అన్నది అనసూయ నా ముందే. “కాళ్లు లాగుతున్నయ్యంటావు, కళ్లు కనపడటం లేదంటావు.”

“ఇచ్చి ఏం చేయను? నీ మొహం చూస్తా కూకోనా?”

“నా మొహానికేం? ఆ గొర్రెల మొహాల కన్నా బాగానే ఉండాది.”

“నేను కాదన్నానా? అయ్యి ఎదురు మాట్లాడవు, అంతే తేడా.”

ఒక్క చేను. పచ్చగా ఉన్న ఒక్క చేను దొరికితే ఈ నెల గడిచిపోతుందని ఊళ్లో ఇల్లిల్లూ తిరిగాడు. చానామంది పత్తి కట్టె అప్పుడే ట్రాక్టరుతో తొక్కించేశారు. చివరికి హనుమయ్య ఇస్తానన్నాడు.

హనుమయ్య నాకు మరిది వరస. చెడ్డవాడని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. పొదుపరి. నూనె ప్యాకెట్టు కత్తిరించి, లోపల వేలు పెట్టి తుడిచి తలకు రాసుకునే మనిషి. అతని పత్తి చేను మా కంది చేను పక్కనే. ఏ కారణం చేతో ఆలస్యంగా తీత అయింది, ఆకు ఇంకా పచ్చగానే ఉంది. తరువాత నువ్వులు వేసుకోవాలని అతని ఆలోచన. పౌర్ణమి వెళ్లాక దిగమని చెన్నకేశవులుకు మాటిచ్చాడు. అనసూయ ఆ రోజు మా ఇంటికొచ్చి, అడక్కుండానే మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని పోయింది. ఆ మనిషి ఊరికే కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు.

దిగిన రోజు పొద్దున నేను కంది చేలోనే ఉన్నాను, కూలోళ్లు కాయ కోస్తున్నారు. హనుమయ్య తెల్ల పంచె కట్టుకుని గట్టు మీదికొచ్చాడు. పొట్టేలు కొమ్ము పట్టుకున్నాడు.

“మందు ఎప్పుడు కొట్టావు బాబాయ్?” అన్నాడు చెన్నకేశవులు.

“ఆఖరి తీతకు ముందు. నెల దాటిందిరా.”

“ఆ తర్వాత?”

“తర్వాతేం కొడతాను, పంట అయిపోయిన చేనుకి? నాకేమన్నా పిచ్చా?”

“ఒట్టు?”

“ఒట్టేందిరా, నా మాట చాలదా? మేపుకో.”

పొట్టేలు దిగింది, దాని వెనక అన్నీ దిగాయి. ఆకలి మీదున్న గొర్రెలు మేస్తుంటే చేలో వాన కురిసినట్టు చప్పుడు వస్తుంది. చెన్నకేశవులు గొంగళి పరుచుకుని గట్టు మీద కూర్చున్నాడు. ఎన్నాళ్లకో కూర్చున్న మనిషిలా కూర్చున్నాడు.

వాసన రాలేదా అని తరువాత అందరూ అడిగారు. వచ్చింది. మా కూలోళ్లకూ వచ్చింది, నాకూ వచ్చింది. కానీ మా ఊళ్లో ఆ వాసన లేనిదెప్పుడు? జూన్‌లో మొదలైతే మార్చి దాకా ఇంట్లో, బట్టల్లో, బడిలో, తాగే నీళ్ల బిందె మీద అదే వాసన. అది వస్తోందని ఎవరు తలెత్తి చూస్తారు?

పొద్దెక్కేసరికి ఒక గొర్రె తల కిందికి వేసి నిలబడిపోయింది. నోటి వెంట నురగ. చెన్నకేశవులు కడుపుబ్బరం అనుకున్నాడు. దాన్ని లేపి నడిపించబోయాడు. నడిపిస్తుండగానే దాని వెనక రెండు పడ్డాయి. అప్పుడు అరిచాడు. ఆ అరుపు విని మేమంతా కాయల గంపలు వదిలేసి పరిగెత్తాం. కర్రతో కొట్టి, చేతులతో తోసి, కాళ్లు పట్టి లాగి, ఎన్నిటిని గట్టెక్కించగలిగితే అన్నిటిని ఎక్కించాం. గట్టెక్కినవి గట్టు మీద పడ్డాయి. కాళ్లు కొట్టుకుంటున్నాయి. చూడి గొర్రెల పొట్టలు వాటంతట అవే కదులుతున్నాయి, తల్లి కదలడం ఆగిన తరువాత కూడా. అది చూసిన కూలిపిల్ల ఒకతి అక్కడే కక్కుకుంది.

నాగరత్నం గొర్రె ఎవరూ తోలకుండానే బయటికి వచ్చింది. మా కంది చేలోకి దిగి, ఒక సాలు పొడుగునా నడిచి, మోకాళ్ల మీద కూలబడింది. నేను దాని తల ఒళ్లో పెట్టుకున్నాను. నా చీరంతా నురగ అయింది. లేవవే అని బతిమాలాను. ఎవరి మాటా వినని గొర్రె, ఆఖరికి నా మాట మాత్రం ఎందుకు వింటుంది?

పశువుల డాక్టరమ్మ హిమజ స్కూటీ మీద వచ్చింది. చిన్నపిల్ల, ఉద్యోగానికి కొత్త. వస్తూనే చెప్పులు విప్పేసి చేలోకి దిగి సూదులు వేయడం మొదలుపెట్టింది. వేస్తూనే అడుగుతోంది.

“ఏం కొట్టారు చేలో? మందు పేరు చెప్పండి.”

“ఏం కొట్టలేదమ్మా,” అన్నాడు హనుమయ్య.

“గొర్రె నోరు వాసన చూడండి. ఇది పురుగుమందే. ఏ మందో చెబితేనే నేను ఏమన్నా చేయగలను. నా దగ్గర ఇంజెక్షన్లు ఇన్నిటికి లేవు.”

“కొట్టలేదమ్మా, మా అమ్మ తోడు.”

చెన్నకేశవులు అప్పటిదాకా పిచ్చివాడిలా ఒక గొర్రె దగ్గరనుంచి ఇంకో గొర్రె దగ్గరికి తిరుగుతున్నవాడు, ఆగి హనుమయ్య మొహంలోకి చూశాడు. హనుమయ్యకు అప్పుడు ఏదో తట్టింది.

“నిన్న సాయంత్రం... సీసాలు ఖాళీ చేశాను,” అన్నాడు.

“ఏం సీసాలు?” అన్నది డాక్టరమ్మ.

“ఏడాది పొడుగునా కొన్నయ్యి. అడుగున తలా కాస్త మిగిలినయ్యి. ఇంట్లో చిన్నపిల్లలుండారని, పారబోస్తే దండగని, అన్నీ ఒక ట్యాంకులో పోసి, దాంట్లోనే గడ్డిమందు కలిపి, గట్టు వారన పిచికారీ చేశాను. మిగిలింది చేలో నాలుగు సాళ్లకు వదిలాను. అది మందు కొట్టడం కిందికి రాదు గదమ్మా. చేనుకోసం కొట్టలా. సీసాలు ఖాళీ చేసుకున్నా.”

ఏ మందో చెప్పమంటే అన్ని మందులూ చెప్పాడు. అన్నీ అంటే దేనికి విరుగుడు వేస్తుంది ఆమె?

అప్పటికి ఊళ్లో రైతులు చానామంది పోగయ్యారు. అందులో ఒక్కడు కూడా ‘అదేం పనయ్యా’ అని హనుమయ్యను అడగలేదు. ఎవడి కాళ్ల వైపు వాడు చూసుకుంటున్నాడు. ప్రతి ఇంట్లోనూ సీజను ఆఖరున చేసే పనే అది. డబ్బు పోసి కొన్నది వృథా చేయకూడదని చిన్నప్పటినుంచీ నేర్పిన బుద్ధి. ఆ బుద్ధినే మంచితనం అనుకుంటున్నాం.

డాక్టరమ్మ చేతిలో ఉన్నంతవరకూ చేసింది. కాసిన్నిటిని నిలబెట్టింది, అవీ చిన్నవే. మిగతావి పొద్దు గూకేలోపల పోయాయి. కుక్కలు తింటే కుక్కలు చస్తాయి, నీళ్ల దగ్గర పాతితే నీళ్లు చెడతాయి అని చెప్పి ఆమె వాటిని గుట్ట ఉన్నచోటి గుంటలో పూడ్పించింది. వాటి మీద చల్లడానికి సున్నం మాత్రం కావలసినంత దొరికింది. జేసీబీవాడు పని కానిచ్చి బకెట్టు కడుక్కుంటానని బోరు దగ్గరికి పోతుంటే ఆమే వెంటపడి ఆపింది.

పెద్దమనుషులు కూర్చున్నారు. హనుమయ్య ఎంతంటే అంతిస్తానన్నాడు, ఏడ్చాడు కూడా. చెన్నకేశవులు గొడవ పడతాడని, కర్ర తీస్తాడని చూడ్డానికి వచ్చినవాళ్లు నిరాశపడి ఇళ్లకు పోయారు. నాకే కోపం వచ్చింది. మరునాడు వాళ్ల ఇంటికి పోయి అడిగాను.

“నోట్లో నాలుక లేదంట్రా నీకు? నాలుగు మాటలన్నా అనాలి గదా.”

“ఏమనమంటావు పెద్దమ్మా? ఆయన అబద్ధం చెప్పలా.”

“చెప్పకపోతే?”

“చెప్పుంటే బాగుండు. అబద్ధాలకోరు ఈయన, రేపటినుంచి ఇంకొకణ్ణి అడుగుదాం అనుకునేవాణ్ణి. ఆయన నిజమే చెప్పాడు. నిజం చెబుతా ఉండగానే నా గొర్రెలు చచ్చినయ్యి. ఇంక నేను ఎవరిని పోయి అడగను? ఏమని అడగను?”

అనసూయ దొడ్లో మిగిలిన గొర్రెలకు తుమ్మకాయలు ఏరి వేస్తోంది. అవి వాసన చూసి వదిలేస్తున్నాయి.

“మా కంది చేను ఖాళీ అయింది. అందులో దించు,” అన్నాను. “నేనే వచ్చి పొట్టేలును దించుతా.”

“పొట్టేలు లేదు పెద్దమ్మా.”

“ఏదో ఒకదాన్ని దించుతానురా. నా చేలో ఏమీ లేదని ఒట్టేసి చెబుతా.”

“నీ కొడుకు ఫణీంద్ర గట్టు మీద ఏం పోశాడో నీకు తెలుసా?”

ఎవరు ఏమన్నా ఎదురు చెప్పకుండా ఊరుకున్న దాన్ని కాదు నేను. ఆ రోజు మాత్రం లేచి చెప్పులేసుకున్నాను. ఇంటికొచ్చి నా కొడుకును అడిగాను.

“ఒరేయ్, కంది గట్టు మీద ఏం కొట్టావురా?”

“ఏదో కొట్టానమ్మా. కొట్టువాడు ఇచ్చింది.”

“పేరు?”

“పేరెవరికి గుర్తుంటుంది? డబ్బా మీద ఎర్ర బొమ్మ ఉంటుంది.”

“చేలో మిగిలింది వదిలావా?”

“ఏమో. పనోడు వదిలాడేమో.” ఫోన్లోనుంచి తల ఎత్తకుండా, “ఇప్పుడెందుకే ఇదంతా?” అన్నాడు.

పొలం మాది, పట్టా నా పేరు మీదే ఉంది. అందులో ఏమున్నదో నాకు తెలియదు, వాడికి తెలియదు, పనోడికి తెలియదు. మేమే తెలియనివాళ్లమైతే గొర్రెకేం తెలుస్తుంది?

చెన్నకేశవులు చెట్ల కొమ్మలు కొట్టి తెచ్చాడు. చేల పక్కనున్న చెట్ల మీద అతనికి నమ్మకం లేదు. దూరం పోవాలంటే కాళ్లు సహకరించవు. తెచ్చిన కొమ్మను ముందు బోరు నీళ్లతో కడిగేవాడు. గొర్రెకు వేసే ఆకును కడగడం నా ఎరుకలో ఎక్కడా చూడలేదు. నెల కూడా గడవకముందే పేట వ్యాపారి లారీ వచ్చింది. మిగిలిన వాటిని అతనే ఎత్తి లారీ ఎక్కించాడు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆ రోజు అనసూయ ఇంటి తలుపు వేసుకుంది, లారీ ఊరు దాటేదాకా తీయలేదు.

తరువాత అతను రాళ్ల మిల్లుకు పోతే వయసు మళ్లిందన్నారు. కాపలా పనికి పోతే కళ్లు కనపడవన్నారు. మా ఊళ్లో వయసూ కళ్లూ చూడకుండా ఇచ్చే పని ఒక్కటే ఉంది. వీపున ట్యాంకు కట్టుకుని మందు కొట్టడం. ఒళ్లు దురదలని, కళ్లు మంటలని కుర్రాళ్లు ఆ పనికి రావడం లేదు.

తొలకరి వానలు పడ్డాక ఒక పొద్దున నేను పొలం పోయేసరికి మా గట్టు మీద ట్యాంకు కట్టుకుని చెన్నకేశవులు కనిపించాడు. మూతికి తువ్వాల.

“ఏందిరా, నువ్వా?”

“ఫణీంద్ర రమ్మన్నాడు పెద్దమ్మా.”

గట్టు పొడుగునా గరిక లేచి ఉంది, లేతగా, వాన నీళ్లు ఇంకా ఆకుల మీదే. పది రోజులు ఏ పశువూ నోరు పెట్టకుండా వదిలితే జానెడెత్తు అయ్యే గరిక.

“వదిలెయ్‌రా,” అన్నాను. “వాడితో నేను చెబుతా. ఈ కాస్త గడ్డి ఎవరికి అడ్డం?”

అతను వంగి ఒక పోచ తెంపి, వేళ్ల మధ్య నలిపి చూశాడు. మంచి మేత చూసినప్పుడు అతని మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అలా లేదు.

“వదిలితే ఎవరు మేస్తారు పెద్దమ్మా?” అన్నాడు.

నా జవాబు కోసం ఆగలేదు. మీట నొక్కాడు. గట్టుకు ఇటు పక్కా అటు పక్కా, అంచుల వెంట, తూము కింద, ఎక్కడా సందు వదలకుండా, ఏ పనైనా శ్రద్ధగా చేసే మనిషి కదా, నిదానంగా కొట్టుకుంటూ పోయాడు. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కు తిరిగాను.

వారానికల్లా గట్టు పసుపురంగులోకి తిరిగింది. ఫణీంద్ర చూసి వచ్చి, భోజనం ముందు కూర్చుని, “చెన్నకేశవులు పని బాగా చేస్తాడమ్మా, ఒక్క పోచ వదల్లేదు. ఇకనుంచి అతన్నే పిలుద్దాం,” అన్నాడు.